తొందరపడ్డ కంప్యూటరు

పిల్లలూ! మీలో పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? మా యర్రగొండపాలేనికి దగ్గరలోనే మార్కాపురం ఉన్నది. అది పలకలకు పేరుపడ్డ ఊరు. అక్కడి భూమిలో దొరికే నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చి, నున్నగా చేసి, కొయ్యచట్రాలు బిగించి పలకలు తయారు చేసేవారు. నేను అయిదేళ్ళ వయసులో ఓనమాలు దిద్దిన పలక ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. దానికి అరవై ఏళ్ళు. మొన్న అంగడి నుంచి ఒక కొత్త బలపం తెచ్చి దాని మీద రాసి చూశాను. చక్కగా రాసింది.

కాని సుమారు ముప్పై ఏళ్ళ కిందట నేను కంప్యూటరు కోసం తయారు చేసిన ఒక ఆట మాత్రం ఈనాటి కంప్యూటరులో నడవనని మొండికేసింది. అరవై ఏళ్ళ పలకకు రాని చిక్కు ముప్పై ఏళ్ళ ఆటకు ఎందుకు వచ్చింది? ఆ సంగతి తెలుసుకోబోయి నేను మరొక సంగతి కూడా తెలుసుకున్నాను. రెండూ మీకు చెబుతాను.

1996లో నేను ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మేష్టరుగా ఉండేవాణ్ణి. ఆ ఏడు వేసవి సెలవుల్లో రోజూ బస్సెక్కి మార్కాపురం వెళ్ళి, అక్కడ ఒక చిన్న శిక్షణ కేంద్రంలో కంప్యూటరు నేర్చుకున్నాను. అక్కడ నేర్పినది జీడబ్ల్యు బేసిక్ అనే భాష. ఆ మరుసటి సంవత్సరం, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా పూర్వ విద్యార్థి ఒకడు తమ ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటరు ఒకటి మా బడికి ఇచ్చాడు. బడి మొత్తానికి అదొక్కటే కంప్యూటరు. పిల్లలు చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టుగా లోపలికి వచ్చేవారు.

వాళ్ళ కోసం నేను ఎక్కాల ఆట ఒకటి తయారు చేశాను. తెర మీద ఒక తాటిచెట్టు, మొదట్లో ఒక కోతి, చెట్టు పైన గుండ్రటి తాటికాయ. ఆ తెర మీద తెలుగు అక్షరాలు వచ్చేవి కావు గనక ఆట అంతా అంకెలతోనే. ఏడును ఎనిమిదితో గుణిస్తే ఎంత అని తెర అడుగుతుంది. అయిదు సెకన్లలో సరైన జవాబు కొడితే కోతి ఒక మెట్టు ఎక్కుతుంది. ఆలస్యమైతే ఒక మెట్టు జారుతుంది. పన్నెండు మెట్లు ఎక్కితే తాటికాయ దొరుకుతుంది. ఎక్కాలు కంఠతా వచ్చిన పిల్లలు చకచకా ఎక్కేవారు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. నాకు మహా గర్వంగా ఉండేది.

తరవాత ఆ కంప్యూటరు పాడైపోయింది. నేను వేరే ఊళ్ళకు బదిలీ అయ్యాను, ప్రధానోపాధ్యాయుణ్ణయ్యాను, పదవీ విరమణ చేశాను. ఆట సంగతి మరిచేపోయాను.

నిరుడు వేసవిలో మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు. ఒకనాడు మధ్యాహ్నం అటక మీది రేకుపెట్టె దింపించి, అందులోంచి నాలుగు నల్లటి చదరపు బిళ్ళలు తీసి, "ఇవేమిటి తాతయ్యా?" అని అడిగింది.

అవి ఫ్లాపీలు. పైన గట్టి డొప్ప, లోపల అయస్కాంతపు పూత పూసిన పల్చటి చక్రం. అందులో 14 లక్షలకు పైగా అక్షరాలు పడతాయి. ఇప్పుడు మీ నాన్న ఫోనుతో తీసే ఒక్క ఫోటోకు ఆ చోటు చాలకపోవచ్చు. కాని ఆ రోజుల్లో ఒక మేష్టరు రాసిన ఆటలన్నీ అందులో పట్టి, ఇంకా బోలెడంత చోటు మిగిలేది.

"నా కోతి ఇందులో ఉన్నది," అన్నాను.

ఇక మనవరాలు ఊరుకుంటుందా? కోతిని చూపించమని పట్టుపట్టింది. మా బజారులో నా పూర్వ విద్యార్థి ఒకడు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నాడు. ఇద్దరం అతని దగ్గరకు వెళ్ళాము.

"సార్, ఇవి చూసి ఎన్నాళ్ళయింది!" అని అతను ఫ్లాపీలను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈనాటి కంప్యూటర్లలో ఫ్లాపీ పెట్టే సందు ఉండదు. బయటి నుంచి తీగతో తగిలించే యంత్రం ఒకటి అతను తెప్పించాడు. మొదటి ఫ్లాపీ పెట్టగానే కీచుమన్నది. బూజు పట్టి పాడైపోయింది. రెండోదీ అంతే. నా గుండెలో రాయి పడ్డది. మూడోదానిలో ఆట క్షేమంగా ఉన్నది. అతను ముందుగా దానికి ప్రతి తీసి వేరే చోట దాచాడు.

ఇట్లాంటి ప్రమాదం పెద్దపెద్దవాళ్ళకూ వచ్చింది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆటను గురించి మీ నాన్ననో అమ్మనో అడగండి. వాళ్ళలో చాలామంది అది ఆడి ఉంటారు. కోటలో చెరపడ్డ యువకుడు ఒక గంటలోగా రాకుమారిని విడిపించాలి. దాన్ని తయారు చేసినది జోర్డన్ మెక్నర్ అనే అమెరికను. తన తమ్ముడు పరుగెత్తుతూ ఉంటే, దూకుతూ ఉంటే చలనచిత్రం తీసి, దాన్ని చూసి బొమ్మలు గీశాడు. అంచేతనే ఆ యువకుడు నిజం మనిషిలాగా కదులుతాడు. ఆట 1989లో వచ్చింది. దాని మూలప్రతి ఉన్న ఫ్లాపీలు ఎక్కడ పెట్టాడో మెక్నరుకే తెలియకుండా పోయింది. 2012లో వాళ్ళ నాన్న ఇంట్లో ఒక పాత పెట్టెలో అవి దొరికాయి. తెలిసినవాళ్ళు వచ్చి జాగ్రత్తగా చదివి, ప్రతి తీసి, లోకానికంతకూ ఇచ్చారు. ఇంకొంతకాలం ఆగితే బూజు మింగేసేదేమో!

సరే, మా కోతి సంగతి చూద్దాము. ప్రతి తీసిన ఆటను కొత్త కంప్యూటరులో నడపబోతే, ఈ ప్రోగ్రాము ఇక్కడ నడవదని తెర మీద ఒక మాట వచ్చి ఊరుకున్నది.

ఎందుచేతనంటే, పాత ఆటలు మాట్లాడే యంత్రభాష వేరు. అది 16 బిట్ల భాష. అంటే కంప్యూటరు ఒక్కో గుక్కలో 16 సున్నాలూ ఒకట్లూ మింగే కాలపు భాష. ఇప్పటి కంప్యూటర్లు 64 మింగుతాయి. పూర్వం దొరలకూ మన రైతులకూ మధ్య దుబాసీలు ఉండేవారని చరిత్రలో చదివి ఉంటారు. అట్లాగే విండోస్‌లో కూడా చాలాకాలం పాత భాష తెలిసిన దుబాసీ ఒకడు ఉండేవాడు. 64 బిట్ల విండోస్‌లో ఆ దుబాసీ లేడు. 2021లో వచ్చిన విండోస్ 11 అయితే 64 బిట్లదే తప్ప మరొకటి లేదు. పాపం, నా కోతి ఏదో చెబుతూనే ఉన్నది. వినేవాడు లేడు.

"దీనికి మందు ఉన్నది సార్," అని మావాడు డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామును తెరిచాడు.

మీరు పగటివేషాలు చూశారా? ఒక మనిషి రంగు పూసుకుని, గద పట్టుకుని వస్తే ఆ కాసేపూ అతనే భీముడు. డాస్‌బాక్స్ చేసే పని కూడా అదే. అది పాత కంప్యూటరు వేషం కడుతుంది. పాత యంత్రం ఏ ఆజ్ఞకు ఏమి చేసేదో అదే చేస్తుంది. పాత తెరలాగా బొమ్మ వేస్తుంది, పాత స్పీకరులాగా కూత కూస్తుంది. లోపల ఉన్న ఆటకు తాను కొత్త కాలంలో ఉన్నట్టు తెలియనే తెలియదు. కొందరు ఉత్సాహవంతులు దీన్ని తయారు చేసి 2002లో మొదటిసారి విడుదల చేశారు. ఇది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

డాస్‌బాక్స్‌లో ఆట మొదలయింది. తాటిచెట్టు వచ్చింది. కోతి వచ్చింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. కాని ఆ చప్పట్లు ఆగకముందే ఆట ముగిసిపోయింది! ప్రశ్న వచ్చి, రెప్ప వేసేలోగా మాయమైంది. కోతి అసలు కదిలిన జాడే లేదు.

"నన్ను చదవనీయనే లేదు!" అన్నది మనవరాలు కోపంగా.

నేను ఆట రాసిన వరసలను తెర మీదికి తెప్పించి చూశాను. తప్పు కనిపించింది. అది నా తప్పే.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మీ అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి, "నువ్వు వెయ్యి దాకా లెక్కపెట్టి దించు," అని చెప్పి వెళ్ళిందనుకోండి. మీరు నిదానంగా లెక్కపెడితే అన్నం సరిగా ఉడుకుతుంది. మీ తమ్ముడు గబగబా లెక్కపెట్టి దించితే అన్నం పలుకు మీద ఉంటుంది. ఇద్దరూ చెప్పిన పనే చేశారు. లెక్క తప్పలేదు. మరి తప్పు ఎక్కడ? కాలాన్ని గడియారంతో కొలవకుండా, లెక్కపెట్టే మనిషితో కొలవటంలో ఉన్నది. కావాలంటే గోడగడియారం ముందు కూర్చుని మీరొకసారి, మీ తాతయ్య ఒకసారి నూరు దాకా లెక్కపెట్టి చూడండి.

నేనూ అదే చేశాను. అయిదు సెకన్లు ఆగమని చెప్పటానికి బదులు, "ఒకటి నుంచి పదివేల దాకా లెక్కపెట్టు. ఈలోగా ఎవరైనా జవాబు కొడతారేమో చూస్తూ ఉండు," అని రాశాను. మా బడి కంప్యూటరుకు పదివేలు లెక్కపెట్టటానికి దాదాపు అయిదు సెకన్లు పట్టేది. కొత్త కంప్యూటరు రెప్పపాటులో లెక్కపెట్టేసింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ గుండె సెకనుకు 47 లక్షల 70 వేల సార్లు కొట్టుకునేది. ఈ రోజు మీ ఇంటి కంప్యూటరు గుండె 300 కోట్ల సార్లు కొట్టుకుంటుందనుకుంటే, ఆరువందల రెట్లు దాటింది. పైగా ఇప్పటి యంత్రం ఒక్కొక్క దెబ్బకు చేసే పని కూడా ఎక్కువ.

ఇట్లాంటి పొరపాటు నా ఒక్కడిదే కాదు. వింగ్ కమాండర్ అని 1990లో వచ్చిన ఆకాశయుద్ధపు ఆట ఒకటి ఉన్నది. ఆ తరవాత వచ్చిన వేగమైన యంత్రాల మీద దాన్ని నడిపితే విమానాలు ఈగల్లా ఎగిరిపోయేవి. ఈ ఇబ్బంది ఉన్నదనే ఆ రోజుల్లో కంప్యూటరు పెట్టెకు టర్బో అనే మీట ఒకటి ఉండేది. పేరు వేగానిదే గాని, పాత ఆటల కోసం యంత్రాన్ని నెమ్మది చేయటమే దాని అసలు ఉపయోగం.

డాస్‌బాక్స్‌లో కూడా అట్లాంటి ఏర్పాటు ఉన్నది. దానికి సైకిల్స్ అని పేరు. సెకనులో వెయ్యోవంతు కాలంలో ఎన్ని ఆజ్ఞలు నెరవేర్చాలో ఆ అంకె చెబుతుంది. మావాడు తన ఆటల కోసం దాన్ని అన్నిటికన్నా పై వేగంలో పెట్టుకున్నాడు. ఇప్పుడు 3000 అని మార్చాడు. తరవాత కంట్రోల్ మీట పట్టుకుని ఎఫ్ 11 నొక్కితే వేగం కొంచెం తగ్గుతుంది, ఎఫ్ 12 నొక్కితే కొంచెం పెరుగుతుంది. నేను చేతిగడియారం చూస్తూ, "ఇంకొంచెం, ఇంకొంచెం," అంటూ ఉంటే, అతను నొక్కుతూ అయిదు సెకన్లకు తెచ్చాడు.

ఇంకొక లోపం మిగిలింది. తాటికాయ గుండ్రంగా లేదు, నొక్కిన గారెలాగా ఉన్నది. పాత తెర వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. నా వృత్తం ఆ లెక్కకు గీసినది. ఇప్పటి తెర మీద అది పక్కలకు సాగింది. డాస్‌బాక్స్ అమరికల్లో ఆస్పెక్ట్ అనే మాట దగ్గర ఒక్క మార్పు చేసేసరికి తాటికాయ మళ్ళీ గుండ్రమైంది.

"ఇప్పుడు అంతా సరిగ్గా ఉన్నది. ఆడు!" అన్నాను మనవరాలితో.

అది ఆడసాగింది. రెండో ఎక్కం, మూడో ఎక్కం బాగానే దాటింది. ఏడును ఎనిమిదితో గుణించమని వచ్చింది. పిల్ల కళ్ళు పైకెత్తి, వేళ్ళు ముడుస్తూ ఆలోచించింది. కోతి జర్రున జారింది. మళ్ళీ ఒక ప్రశ్న, మళ్ళీ జారింది.

"ఇంకా కొంచెం తగ్గించు తాతయ్యా."

"ఇదే సరైన వేగం అమ్మా. అప్పుడు ఇంతే ఉండేది."

"ఇది కంప్యూటరుకు సరిపోయింది. నాకు సరిపోలేదు," అన్నది.

ఆ మాట వినగానే నాకు ఒక పిల్లవాడు జ్ఞాపకం వచ్చాడు.

1997లో వాడు ఏడో తరగతి చదువుతుండేవాడు. వాళ్ళ నాన్న పలకల పనిలో కూలి. వాడు ఒక్కసారి కూడా కోతిని మూడో మెట్టు దాటించలేదు. తోటివాళ్ళు నవ్వేవారు. ఒకనాడు నేను కూడా అందరి ఎదటా, "నీకు ఎక్కాలు రావురా. పక్కకు జరుగు, వచ్చినవాళ్ళను ఆడనీ!" అన్నాను. వాడు మారుమాట్లాడకుండా జరిగాడు. ఆ తరవాత కంప్యూటరు గదిలోకి వాడు మళ్ళీ రాలేదు. నేను పిలవలేదు. మరి రెండేళ్ళకు వాళ్ళవాళ్ళు పనికోసం ఊరు విడిచి వెళ్ళారు. వాడూ వెళ్ళాడు.

నేను మనవరాలిని అడిగాను: "ఏడెనిమిదులు ఎంతో నీకు తెలుసా?"

"తెలుసు. ఏడేళ్ళు నలభైతొమ్మిది. దానికి ఏడు కలిపితే యాభైఆరు. కాని కలిపేలోగా కోతి జారిపోతున్నది."

ఇది తెలియకపోవటం కాదు. కంఠతా పట్టినవాడి కంటె ఈ పిల్లకు ఇంకొక మెట్టు ఎక్కువే తెలుసు. ఏడెనిమిదులు యాభైఆరు ఎందుకయిందో కూడా చెప్పగలదు. అందుకు మరి నాలుగు సెకన్లు కావాలి, అంతే. ఆ పిల్లవాడు కూడా పలక మీద లెక్క ఇస్తే తప్పకుండా చేసేవాడు. వాడి పలక మీద తప్పు చూసిన గుర్తు నాకు లేదు. ఆ సంగతి అప్పుడు నాకెందుకు తోచలేదో! చురుకైన పిల్లలు ఎంత వేగంగా చెబుతారో చూసి, అదే కాలపు కొలత అనుకున్నాను. కంప్యూటరు విషయంలో చేసిన తప్పే వాడి విషయంలోనూ చేశాను. గడియారం చూడకుండా, లెక్కపెట్టేవాణ్ణి చూశాను.

ఆ సాయంకాలం ఇంటికి వచ్చి ఆటను దిద్దటానికి కూర్చున్నాను. జీడబ్ల్యు బేసిక్‌లో టైమర్ అనే మాట ఒకటి ఉన్నది. అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో అది చెబుతుంది. పాత పీసీల్లో సెకనుకు 18 సార్లకు కాస్త పైగా కొట్టుకునే చిన్న గడియారం ఉండేది. మంచి ఆటలు రాసినవాళ్ళు దాన్ని అడిగి ఆగేవారు. ఆ గడియారం 1996లో కూడా నా ఎదటనే ఉన్నది, నేను అడగలేదు. ఇప్పుడు లెక్కపెట్టమనే వరసలు కొట్టేసి, టైమర్‌ను అడగమని రాశాను. ఇక యంత్రం ఎంత వేగమైనదయినా సెకను సెకనే.

మరొక మార్పు కూడా చేశాను. ఎన్ని సెకన్లు కావాలో ఆట మొదట్లోనే ఆడేవాళ్ళను అడుగుతుంది. సున్నా కొడితే కోతి జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చుంటుంది. మనవరాలు మొదటి రోజు సున్నా కొట్టి ఆడింది. పన్నెండు మెట్లూ ఎక్కి తాటికాయ అందుకున్నది. మూడో రోజున పది కొట్టింది. సెలవులు అయిపోయేనాటికి దానంతట అదే ఆరుకు వచ్చింది. నేను తొందరపెట్టలేదు.

మీ ఇళ్ళలో కూడా పాత ఆటలు ఉండవచ్చు. అవి నడవకపోతే పాడైపోయాయని పారెయ్యకండి. ముందు ప్రతి తీసి దాచండి. పాత యంత్రం వేషం కట్టే ప్రోగ్రాములో పెట్టి, వేగం తగ్గించి చూడండి. చాలా ఆటలు లేచి కూర్చుంటాయి. అట్లాగే మీ తరగతిలో జవాబు ఆలస్యంగా చెప్పే పిల్లో, పిల్లవాడో ఉంటే నవ్వకండి. పలక ఇచ్చి కాసేపు ఆగండి. అమ్మలకూ నాన్నలకూ నా మనవి కూడా ఇదే.

ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై ఏళ్ళు వచ్చి ఉంటాయి. ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఈ పత్రిక చదివే మీలో అతని పిల్లలు ఎవరైనా ఉంటారేమో! మీ నాన్న చిన్నప్పుడు ఒక బడిలో తాటిచెట్టూ కోతీ ఉన్న కంప్యూటరు ఆట ఆడాడేమో అడగండి. ఆడానంటే ఒక్క మాట చెప్పండి: తప్పు అతనిది కాదనీ, మేష్టరు ఇప్పుడు కోతిని ఆపి ఉంచాడనీ, అతనికి కావలసినంతసేపు అది ఆగుతుందనీ.